సన్‌స్క్రీన్ ఎంత రాస్తే ఎస్‌పీఎఫ్ 50 అవుతుంది?

ఒకరోజు పొద్దున బయల్దేరే ముందు, రోజూ రాసుకునేంత సన్‌స్క్రీన్ వేలి మీదకి తీసుకున్నాను. మొహానికి రాయకుండా చిన్న కాగితం ముక్కకి తుడిచి, డిజిటల్ కాటా మీద పెట్టాను. 0.3 గ్రాములు చూపించింది. బఠాణీ గింజంత. కొన్నేళ్ళుగా నేను రోజూ రాసుకున్నది అంతే. ట్యూబు మీద పెద్ద అక్షరాలతో ఎస్‌పీఎఫ్ 50 అని ఉండేది, అది చూసుకునే ధైర్యంగా ఎండలోకి వెళ్ళేదాన్ని. అయినా బుగ్గల మీద మంగు ఏటేటా కొంచెం కొంచెం ముదురుతూనే ఉంది. క్రీమ్ మంచిది కాదేమో అనుకుని మూడు రకాలు మార్చాను. లోపం క్రీమ్‌లో లేదు. ఆ 50 అనే అంకె నిజం కావాలంటే మొహానికి ఎంత పట్టించాలో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే సగం గందరగోళం విడిపోతుంది. ల్యాబులో వాలంటీర్ల వీపు మీద చిన్న చిన్న గళ్ళు గీస్తారు. కొన్నిటికి సన్‌స్క్రీన్ రాస్తారు, కొన్నిటిని వట్టిగా వదిలేస్తారు. సూర్యకాంతిలాంటి వెలుగునిచ్చే దీపం పెట్టి, ఒక్కో గడి మీద ఒక్కో మోతాదు పడనిస్తారు. మర్నాడు ఏ గడి ఎర్రబడిందో చూస్తారు. వట్టి చర్మం ఎర్రబడటానికి పట్టిన మోతాదు కన్నా సన్‌స్క్రీన్ రాసిన చర్మానికి ఎన్ని రెట్లు పట్టిందో, ఆ రెట్లే ఎస్‌పీఎఫ్. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ గ్రైటర్ 1938లో ఆల్ప్స్‌లో పిట్జ్ బుయిన్ శిఖరం ఎక్కుతూ ఎండకి బాగా కమిలిపోయాడు. తర్వాత సొంతంగా సన్‌స్క్రీన్ తయారుచేశాడు. 1970లలో ఎస్‌పీఎఫ్ అనే కొలత జనంలోకి వెళ్ళడానికి ఆయనే ప్రధాన కారణం.

ఈ పరీక్షకి ఒక షరతు ఉంది, ట్యూబు మీద ఎక్కడా కనిపించదు. చర్మానికి సన్‌స్క్రీన్ చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాయాలి. పెద్దవాళ్ళ మొహం సుమారు 600 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మొహానికే 1.2 గ్రాములు కావాలి. మెడ, చెవులు కలిపితే ఇంకా ఎక్కువ. నేను రాసింది అందులో పావు వంతు. ఇది నా ఒక్కదాని సంగతి కాదు. జనం మామూలుగా ఎంత రాసుకుంటున్నారో కొలిచిన అధ్యయనాల్లో చాలావరకు చదరపు సెంటీమీటరుకి అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకానే తేలింది. అంటే పావు నుంచి సగం. సగం రాస్తే రక్షణ కనీసం సగానికి పడిపోతుంది. కొన్ని ప్రయోగాల్లో అంతకన్నా వేగంగా పడిపోయింది కూడా. పావు వంతు రాసిన ఎస్‌పీఎఫ్ 50, ఎస్‌పీఎఫ్ 12 పాటి పని కూడా చెయ్యదు.

ఇది తెలిశాక 30 కొనాలా 50 కొనాలా అనే చర్చ కూడా వేరేగా కనిపిస్తుంది. సరిగ్గా రాసుకుంటే ఎస్‌పీఎఫ్ 15 వాడినప్పుడు చర్మాన్ని ఎర్రబరిచే కిరణాల్లో 93 శాతం ఆగుతాయి, 30 వాడితే 97 శాతం, 50 వాడితే 98 శాతం. 97కీ 98కీ తేడా ఏముంది, 30 చాలదా అని చాలామంది అంటారు. ఆగినవాటిని లెక్కపెడితే తేడా లేనట్టే ఉంటుంది. కానీ చర్మాన్ని పాడుచేసేవి ఆగినవి కావు, లోపలికి వెళ్ళినవి. అవి ఒకదాంట్లో 3.3 శాతం, ఇంకోదాంట్లో 2 శాతం. ఏళ్ళ తరబడి పోగయ్యే నష్టానికి ఆ తేడా చిన్నది కాదు. పైగా మనం ఎప్పుడూ తక్కువే రాస్తాం కాబట్టి, పెద్ద అంకెతో మొదలుపెడితే తగ్గినా కొంత మిగులుతుంది. 2018లో అచ్చైన ఒక అధ్యయనంలో, అమెరికాలోని వేల్ అనే మంచుకొండల ఊళ్ళో స్కీయింగ్ చేస్తున్న 199 మంది మొహంలో ఒక పక్క ఎస్‌పీఎఫ్ 50, ఇంకో పక్క 100 రాసుకున్నారు. ఎక్కువ కమిలింది 50 రాసిన పక్కే. దానికి డబ్బు పెట్టింది సన్‌స్క్రీన్ తయారీ సంస్థ కాబట్టి ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అయినా తక్కువ రాసేవాళ్ళకి పెద్ద అంకె మేలన్న మాట నాకు సబబుగానే అనిపిస్తుంది. రోజువారీకి 30కి తక్కువ కాకుండా, ఎండలో ఎక్కువసేపు ఉండేవాళ్ళు, మంగు ఉన్నవాళ్ళు 50 తీసుకోవడం మంచిది.

ఇంకో పాత లెక్క ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. "వట్టి చర్మం 10 నిమిషాల్లో కమిలితే, ఎస్‌పీఎఫ్ 30 రాస్తే 300 నిమిషాలు ఉండొచ్చు" అని. ఇది నమ్మొద్దు. ఎస్‌పీఎఫ్ కొలిచేది మోతాదుని, గంటల్ని కాదు. పొద్దున 8 గంటల ఎండలో గంటసేపట్లో పడే మోతాదు మధ్యాహ్నం కొద్ది నిమిషాల్లోనే పడిపోతుంది. ఈలోగా చెమట పడుతుంది, రుమాలుతో తుడుచుకుంటాం, ఫోను చెంపకి ఆనిస్తాం. పొద్దున రాసింది మధ్యాహ్నానికి అలాగే ఉంటుందని ఏ అంకే హామీ ఇవ్వదు.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా యూవీబీ గురించి. అసలు చిక్కు యూవీఏ దగ్గర ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో మనదాకా వచ్చేవి ఈ రెండు రకాలే. మూడోదైన యూవీసీని పైన వాతావరణం, ముఖ్యంగా ఓజోన్ పొర, ఆపేస్తుంది. యూవీబీ పైచర్మాన్ని కాలుస్తుంది. ఎర్రబడటం, మంట, పొట్టు లేవడం ఎక్కువగా దాని పనే. యూవీఏ ఇంకా లోతుకి దిగుతుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్‌ని మెల్లమెల్లగా దెబ్బతీస్తుంది, చర్మాన్ని నల్లబరుస్తుంది, ముడతలు తెస్తుంది, క్యాన్సర్‌కి దారితీసే నష్టంలోనూ దానికి పాలు ఉంది. నేలమీదకి చేరే అతినీలలోహిత కిరణాల్లో సుమారు 95 శాతం యూవీఏనే. మంట పుట్టించదు కాబట్టి అది పడుతున్నట్టే మనకి తెలియదు. మామూలు కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది కానీ, యూవీఏని చాలావరకు లోపలికి వదులుతుంది.

దీనికి సాక్ష్యంగా ఒక ఫోటో ఉంది, చూసినవాళ్ళు మర్చిపోలేరు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 28 ఏళ్ళు ట్రక్కు నడిపిన 69 ఏళ్ళ మనిషి మొహం అది. కుడి పక్క వయసుకి తగ్గట్టే ఉంది. అమెరికా బళ్ళలో డ్రైవరు కిటికీ వైపు ఉండే ఎడమ పక్క చర్మం మందమైపోయి, లోతైన మడతలు పడి వేలాడుతోంది. రెండు పక్కలూ ఒకే మనిషివి, ఒకే వయసువి. అద్దం గుండా ఏళ్ళ తరబడి పడ్డ ఎండ ఒక్కటే తేడా. రోజంతా కిటికీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్ళు, ఎక్కువగా డ్రైవింగ్ చేసేవాళ్ళు "నేను బయట తిరగను కదా" అనుకోకుండా ఉండటానికి ఈ ఒక్క ఫోటో చాలు.

ఎస్‌పీఎఫ్ ప్రధానంగా ఎర్రబడటాన్ని కొలుస్తుంది కాబట్టి యూవీఏ సంగతి దాన్ని బట్టి తెలియదు. అందుకే కొనేటప్పుడు ట్యూబు మీద రెండో గుర్తు వెతకాలి. పీఏ అని రాసి పక్కన ప్లస్‌లు ఉంటే అది జపాన్‌లో పుట్టిన పద్ధతి. ఒక ప్లస్ అంటే కొద్దిపాటి రక్షణ, నాలుగు ప్లస్‌లు అంటే అన్నిటికన్నా ఎక్కువ. యూరప్ పద్ధతిలో తయారైనవాటి మీద చిన్న గుండ్రటి గీత లోపల యూవీఏ అని ఉంటుంది. ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు యూవీఏ రక్షణ ఉందని దానర్థం. అమెరికాలో బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాస్తారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేకపోతే ఎస్‌పీఎఫ్ ఎంత పెద్దదైనా పక్కన పెట్టేయండి. పీఏ పద్ధతి అయితే మూడు ప్లస్‌లకి తగ్గకుండా చూసుకోవాలి.

చామనఛాయ, నలుపు రంగు ఉన్నవాళ్ళకి సన్‌స్క్రీన్ అక్కర్లేదనే మాట సగమే నిజం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ రక్షణ ఇస్తుంది, అందుకే ముదురు రంగు చర్మం అంత తొందరగా కమలదు, చర్మ క్యాన్సర్లూ బాగా తక్కువ. కానీ అదే చర్మం రంగు పట్టడంలో చాలా చురుకైనది. మొటిమ తగ్గినా మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది, మంగు ఒకసారి వస్తే ఓ పట్టాన వదలదు. దీనికి అతినీలలోహిత కిరణాలే కాదు, మామూలు వెలుగు కూడా కారణమవుతుంది. ముదురు రంగు చర్మాన్ని కంటికి కనిపించే కాంతి నల్లబరుస్తుందనీ, ఆ నలుపు చాలాకాలం నిలుస్తుందనీ 2010 నాటి ప్రయోగాల్లో తేలింది. ఈ కాంతిని చాలా సన్‌స్క్రీన్లు ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్లు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్ ఆపుతుంది. చూడటానికి ఫౌండేషన్‌లా గోధుమ రంగులో ఉంటుంది. నాకు డాక్టరుగారు ఇది చెప్పేదాకా, రంగు కలిపింది అందానికేలే అనుకున్నాను. మంగు ఉన్నవాళ్ళు మామూలుది మానేసి దీనికి మారితే తేడా తెలుస్తుంది. చర్మం రంగుకి దగ్గరగా ఉన్న షేడ్ దొరికితే మొహం తెల్లగా పాలిపోయినట్టు కనబడే బాధ కూడా తప్పుతుంది.

ఇక మినరల్, కెమికల్ అనే గొడవ. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవాటిని మినరల్ అంటారు. అవోబెంజోన్, ఆక్టోక్రిలీన్ లాంటివి ఉన్నవాటిని కెమికల్ అంటారు. మినరల్‌వి అద్దంలా కిరణాల్ని వెనక్కి కొడతాయనీ, కెమికల్‌వి వాటిని పీల్చుకుంటాయనీ అందరూ చెప్పే మాట. నిజానికి జింక్, టైటానియం కూడా ప్రధానంగా కిరణాల్ని పీల్చుకునే పనిచేస్తాయి. అతినీలలోహిత కిరణాల్లో అవి వెనక్కి పంపేది 5 శాతం దాకా మాత్రమే. కాబట్టి పనిచేసే తీరులో జనం అనుకునేంత తేడా లేదు. తేడా అంతా వాడకంలో ఉంది. తొందరగా మండే, దద్దుర్లు వచ్చే చర్మానికి మినరల్ మేలు. కానీ తెల్లగా తేలుతుంది, సరిపడా రాస్తే ఇంకా తెల్లగా తేలుతుంది. దాంతో మనిషి తెలియకుండానే తక్కువ రాయడం మొదలుపెడతాడు. కెమికల్‌వి పల్చగా, కనబడకుండా కలిసిపోతాయి. కొందరికి కళ్ళు మండుతాయి. అవోబెంజోన్ యూవీఏని బాగా ఆపుతుంది కానీ వెలుగు తగిలితే అదే విరిగిపోతుంది, అందుకే దానికి తోడుగా ఆక్టోక్రిలీన్ లాంటిది కలుపుతారు. బెమోట్రిజినాల్ లాంటి కొత్త తరం ఫిల్టర్లు, అంటే కిరణాల్ని ఆపే పదార్థాలు, వెలుగుకి తట్టుకుని నిలబడతాయి. పదార్థాల జాబితా చదివే ఓపిక ఉన్నవాళ్ళు ఆ పేరు చూసుకోవచ్చు.

కెమికల్ ఫిల్టర్లు రక్తంలోకి వెళ్తాయన్న భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2019లోనూ, 2020లోనూ ప్రచురించిన ప్రయోగాల్లో, ఒళ్ళంతా దట్టంగా, పదేపదే రాసుకున్నవాళ్ళ రక్తంలో ఈ పదార్థాలు కనిపించాయి. మిల్లీలీటరుకి 0.5 నానోగ్రాము దాటితే ఇంకా పరీక్షలు చెయ్యాలని ఎఫ్‌డీఏ పెట్టుకున్న గీత ఉంది, ఇవి ఆ గీత దాటాయి. దాటడం అంటే హాని జరిగిందని కాదు, జరగదని తేల్చే పరీక్షలు ఇంకా కావాలని. ఆ పరిశోధకులు కూడా సన్‌స్క్రీన్ మానమని చెప్పలేదు. మనసు ఒప్పుకోని వాళ్ళకి, గర్భంతో ఉన్నవాళ్ళకి జింక్ ఆక్సైడ్ ఉండనే ఉంది. సముద్రంలో ఈతకి దిగేవాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి. పగడపు దిబ్బలకి చేటు చేస్తాయన్న అనుమానంతో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 జనవరి 1 నుంచి నిషేధించింది. పగడాలకి అసలు పెద్ద ముప్పు సముద్రం వేడెక్కడమే అయినా, ఆ రెండూ లేనివి బోలెడు దొరుకుతున్నప్పుడు ఎంచుకోవడం కష్టమేమీ కాదు.

అనుమానాల పక్కన నిరూపణ అయిన మేలు కూడా పెట్టి తూచాలి కదా. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్ళో 1992లో 1,621 మంది పెద్దవాళ్ళతో ఒక ప్రయోగం మొదలైంది. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా రెండు జట్లు చేసి, ఒక జట్టుని రోజూ తల, మెడ, చేతులకి సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు. రెండో జట్టుని వాళ్ళ ఇష్టానికి వదిలేశారు. నాలుగున్నరేళ్ళ తర్వాత చూస్తే, రోజూ రాసుకున్నవాళ్ళలో స్క్వేమస్ సెల్ రకం చర్మ క్యాన్సర్లు 40 శాతం దాకా తగ్గాయి. చేతి వెనక చర్మం మీద పడ్డ ముదిమి గుర్తుల్ని పోల్చినప్పుడు వీళ్ళలో అది 24 శాతం తక్కువగా కనిపించింది. ప్రయోగం అయిపోయాక పదేళ్ళు గమనిస్తే, మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ మొదటి జట్టులో 11 మందికి, రెండో జట్టులో 22 మందికి వచ్చింది. వాళ్ళు వాడింది నేటి 50లూ 100లూ కాదు, ఎస్‌పీఎఫ్ 16. రోజూ రాయడమే ఆ తేడా తెచ్చింది. ఇది ఎక్కువగా తెల్ల చర్మం ఉన్నవాళ్ళ మీద జరిగిన ప్రయోగం, ఆ క్యాన్సర్ లెక్కలు అన్ని రంగుల చర్మాలకీ అచ్చంగా వర్తించవు. చర్మం ముదిరిపోవడం మాత్రం అందరికీ ఉన్న బాధే.

విటమిన్ డి తగ్గిపోతుందేమో అన్న టెన్షన్ చాలామందికి ఉంది. మనం మామూలుగా వాడే తీరులో సన్‌స్క్రీన్ వల్ల లోపం వస్తుందని అధ్యయనాల్లో పెద్దగా కనబడలేదు. లోపం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని మాత్ర వేసుకోవచ్చు.

ఇప్పుడు రాసే పద్ధతి. చూపుడు వేలు, మధ్య వేలు మొదటి నుంచి చివరిదాకా రెండు గీతలుగా సన్‌స్క్రీన్ పెట్టుకోండి. మొహానికి కావలసింది అటుఇటుగా అంతే. మొదటిసారి చూసినప్పుడు ఇంతా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అంతా ఒక్కసారే రాస్తే మొహం మీద ముద్దగా జారుతుంది. ఒక వేలు గీతని ముందు నుదురు, బుగ్గలు, ముక్కు, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పరిచేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, అది కుదురుకున్నాక రెండో వేలుది రాయండి. గట్టిగా రుద్దొద్దు, రుద్దితే సగం అరచేతికే పోతుంది. లివర్‌పూల్ యూనివర్సిటీ పరిశోధకులు సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ళని యూవీ కెమెరాతో ఫోటోలు తీస్తే, మొహంలో దాదాపు పదో వంతు వదిలేసినట్టు బయటపడింది. ఎక్కువగా వదిలేసింది కనురెప్పల్ని, కంటి లోపలి మూలల్ని. కంటి దగ్గర క్రీమ్ మండుతుంటే అక్కడికి జింక్ ఉన్న స్టిక్ వాడండి, లేదా చలవ కళ్ళద్దాలు పెట్టుకోండి. చెవుల అంచులు, మెడ వెనక, పాపిట, పాదాల పైభాగం కూడా ఎవరికీ గుర్తుండవు. ఒళ్ళంతటికీ రాయాలంటే 30 నుంచి 35 మిల్లీలీటర్లు పడుతుంది. అంత రాయడం రోజూ జరిగే పని కాదు కాబట్టి, బట్ట కప్పగలిగిన చోట బట్టే కప్పండి. దట్టంగా నేసిన పొడుగు చేతుల చొక్కా చెమటకి కరగదు, రెండు గంటలకోసారి మళ్ళీ వేసుకోనక్కర్లేదు.

మాయిశ్చరైజర్ వాడితే అది ముందు, సన్‌స్క్రీన్ తర్వాత, మేకప్ ఆఖరున. బయటికి వెళ్ళడానికి 15 నిమిషాల ముందు రాస్తే పొర కుదురుకుంటుంది. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. వాటర్ రెసిస్టెంట్ అని ఉన్నవి నీళ్ళలో 40 లేదా 80 నిమిషాలు నిలబడేలా పరీక్షించినవి, అంతే. తువ్వాలుతో తుడుచుకున్నాక ఆ లెక్క కూడా పోతుంది. కిటికీకి దూరంగా గదిలో కూర్చునే వాళ్ళు గంటలు లెక్కపెట్టుకుని కంగారు పడనక్కర్లేదు, మళ్ళీ బయటికి వెళ్ళే ముందు రాస్తే చాలు. స్ప్రేలు నేరుగా మొహం మీద కొట్టొద్దు, పీల్చడం మంచిది కాదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకి సన్‌స్క్రీన్ కాదు, నీడా బట్టా కావాలి. ఎండలో ఆపిన కారులో వదిలేసిన ట్యూబు, విరిగిన పాలలా విడిపోయిన క్రీమ్ పారేయాలి.

ఎప్పుడు రాయాలన్నది ఎండ వేడిని బట్టి చూసుకుంటే పొరపాటు పడతాం. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. చల్లటి గాలి వీస్తున్న కొండ మీద వేడి తక్కువే, కానీ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ ఈ కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. పల్చటి మబ్బు వీటిలో చాలా భాగాన్ని కిందికి వదిలేస్తుంది. ఫోన్లోని వాతావరణం యాప్‌లో యూవీ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. అది 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే చర్మాన్ని కాపాడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోను చూడకుండా తెలుసుకోవాలంటే నేల మీద మీ నీడ చూడండి. నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే కిరణాలు జోరుగా ఉన్నట్టే.

చివరికి ఏది కొనాలి అంటే, పేరు చెప్పమని అడిగేవాళ్ళకి నేను పేరు చెప్పను. ఎస్‌పీఎఫ్ 30 నుంచి 50, యూవీఏ గుర్తు, మంగు ఉంటే టింటెడ్. ఇవి కుదిరాక మిగిలేది మీ చర్మం, మీ జేబు. జిడ్డు చర్మానికి జెల్ లాంటిది, పొడి చర్మానికి క్రీమ్ లాంటిది, పడనివాళ్ళకి సువాసన కలపనిది. వీలైతే చిన్న సైజు కొని, రెండు వేళ్ళ నిండా రాసుకుని ఒక పూటంతా ఉండి చూడండి. జిడ్డుగా, తెల్లగా, చిరాగ్గా ఉంటే అది ఎంత గొప్పదైనా మీరు రేపటినుంచి మళ్ళీ బఠాణీ గింజకే వచ్చేస్తారు. ధర కూడా అంతే. పొదుపుగా వాడాలనిపించేంత ఖరీదైన సన్‌స్క్రీన్ కన్నా, ధారాళంగా రాసుకోగలిగిన మామూలుది చర్మానికి ఎక్కువ మేలు చేస్తుంది.

సరిగ్గా రాస్తున్నారో లేదో చూసుకోవడానికి కాటా కూడా అక్కర్లేదు. 50 గ్రాముల ట్యూబుని రోజుకి ఒక్కసారి, మొహానికి మాత్రమే సరిపడా రాస్తే 40 రోజులకి అయిపోవాలి. కొన్న తేదీ ట్యూబు మీద పెన్నుతో రాసి పెట్టుకోండి. 0.3 గ్రాముల రోజుల్లో నాది అయిదు నెలలు దాటి వచ్చేది. మొన్న అయిపోయినదాని మీద తేదీ చూశాను, 38 రోజులు.